లవంగ నూనెలో తోకలేని తేలు

నది మీద పొగమంచు ఇంకా విడలేదు. మనౌస్ రేవులో నీళ్ళ మీద కట్టిన ఇల్లు ఉయ్యాలలా ఊగుతుంటే, జుల్మీరాకు తాను నిద్రలోనే ఉన్నాననిపించింది. కూతురు జాసిరా ఎనిమిది గంటల పడవకు మ్యూజియానికి వెళ్ళాలి. బల్ల మీద వేలెడు సీసాలో, స్పిరిట్‌లో, బియ్యపు నూకంత తోకలేని తేలు.

"లోకంలో దొరికింది ఇదొక్కటే అమ్మా. కొత్త జాతికి పేరు పెడితే ఆ పేరు నిలబడేది దీని మీదే. పటకారులాంటి దీని పిడికిళ్ళలో పళ్ళు కనబడితేనే కొత్తదని ఒప్పుకుంటానంది మ్యూజియంలో మా క్లెలియా మేడం. ఇవాళే ఆఖరు. ముట్టుకోకు!"

"మరి కొండి ఎక్కడ దాచిందే?"

"దీనికి కొండే లేదు!" అని స్నానానికి వెళ్ళింది జాసిరా.

లేకుండా ఎలా ఉంటుంది? జుల్మీరా మూత తీసి తొంగి చూసింది. అంతలో పెద్ద పడవ పోయింది, అల తగిలి ఇల్లు ఒరిగింది, స్పిరిట్ ఒలికింది. చచ్చిన తేలు మళ్ళీ చస్తుందేమోనని హడలిపోయి, పంటినొప్పికి దాచుకున్న లవంగ నూనె అంతా సీసాలో పోసేసింది. ఆ బంగారు రంగు నూనెలో పురుగు పిడికిళ్ళు చాచి, కలలో నడుస్తున్నట్టు మెల్లగా తిరిగింది. జుల్మీరా మైమరచి చూస్తూ ఉండిపోయింది.

"అక్కా, పన్ను చంపేస్తోంది! లవంగ నూనె ఉందా?" దవడ పట్టుకుని వచ్చాడు పక్కింటి ఎవరాల్దు. వాసన పట్టి, ఆమె నోరు తెరిచేలోగా సీసా ఎత్తి బుగ్గలో పోసుకున్నాడు.

"ఒరే, అందులో తేలుందిరా!"

"కొరికింది!" అని అరిచాడతను.

"పిల్లలుగలవాడు! నా చేతుల మీదే పోతున్నాడు!" జుల్మీరా కూలబడింది.

తడిజుట్టుతో పరుగెత్తుకొచ్చింది జాసిరా. "మింగకు మామా! నాలుక కదిపావంటే ఊరుకోను!" టార్చి వేసి, సన్నని కుంచెతో దవడపన్ను వెనక నుంచి పురుగును తీసింది. సీసాలో మిగిలిన నూనెలోనే మళ్ళీ వేసుకుని, ఏడుస్తూ పడవెక్కింది.

సాయంత్రం నవ్వుతూ దిగింది. "అమ్మా! లవంగ నూనెకు దాని ఒళ్ళంతా గాజులా తేటగా అయింది. పళ్ళన్నీ లెక్కపెట్టేసింది మేడం. కొత్త జాతే! నీ పేరే పెడుతున్నా."

"తేలుకు నా పేరా! ఎవర్నన్నా కుడితే నన్నే తిడతారే!"

"కొండి లేదమ్మా. మేడం కూడా అదే రాసింది."

"ఆవిడ సరిగ్గా చూసిందా?"

పేరు ఖాయమైంది. జుల్మీరా మాత్రం ఇప్పటికీ దుప్పటి రెండుసార్లు దులిపే పడుకుంటుంది.