ఇజ్మెరా వయసు తొంభై నాలుగు

శనివారం పొద్దున్న హాల్వర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, చర్చికి ఫోన్ చేసి కింది హాలు అడగాలి, రెండింటికి వెళ్లి ఇజ్మెరాను చంపుకోవాలి.

కంగారు పడకండి. ఇజ్మెరా కాగితం మీది మాంత్రికురాలు. ముప్పై నాలుగేళ్ల కిందట హాల్వర్, అతని భార్య లోర్నా, స్నేహితుడు డెల్మర్ ఆ హాల్లోనే బల్ల చుట్టూ కూర్చుని పాచికలేసి ఒక ఆట మొదలుపెట్టారు. కథ నడిపేవాడు డెల్మర్, కత్తివీరుడు హాల్వర్, మాంత్రికురాలు లోర్నా. ఆ మాంత్రికురాలికి తోడు ఒక గుడ్లగూబ, అదీ కాగితం మీదిదే. ఇజ్మెరా ఆయుష్షునూ పాచికలే రాశాయి: ఇరవై తొమ్మిదో ఏట మొదలు, తొంభై అయిదు పడగానే సరి. చిక్కేమిటంటే, ఆమె రక్షామంత్రం వేసినప్పుడల్లా వయసు ఒక ఏడు పెరుగుతుంది. హాల్వర్ వీరుడు కనిపించిన ప్రతి కన్నంలోనూ తల దూర్చే రకం. ఆమె చేత అరవై అయిదుసార్లు మంత్రం వేయించాడు.

లోర్నా నవంబరులో పోయింది. మా విస్కాన్సిన్‌లో ఆ నెల వచ్చాక చచ్చిపోవడం మర్యాద కాదు. చలికి నేల ఎంత బిగుసుకుపోతుందంటే, ఒకసారి గొయ్యి తవ్వబోతే ఆ పార దెబ్బకి పక్క ఊళ్లో కిటికీ అద్దాలు పగిలాయి. "నేల మెత్తబడ్డాక చూద్దాం" అన్నాడు హాల్వర్. నేల మెత్తబడింది, మొక్కజొన్న మోకాలెత్తు లేచింది, అస్థికల డబ్బా మాత్రం వంటింటి అలమరలోనే ఉంది. ఏడు నెలలుగా ఓదార్చడానికి వచ్చినవాళ్లెవరికీ అతను తలుపు తీయలేదు.

ఫోన్ ఎత్తింది చర్చి గుమస్తా ఆర్డిస్. ఆవిడకి చెవుడు కొంచెం, జాలి చాలా.

"ఆర్డిస్, మధ్యాహ్నం కింది హాలు కావాలి. ఇవాళ ఇజ్మెరా పోతుంది."

"అయ్యో దేవుడా! ఎవరయ్యా ఆవిడ?"

"ముప్పై నాలుగేళ్ల నుంచీ మాతోనే ఉందిగా."

"ఒక్కనాడైనా చెప్పావా? వయసెంత?"

"తొంభై నాలుగు. అంతా నా మూలానే. నేను పిచ్చిపని చేసినప్పుడల్లా ఆవిడకో ఏడు మీద పడింది."

"ఆ మాట ఊళ్లో ప్రతి ఆడదీ అంటుంది. ఒప్పుకున్న మగాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను. ఆవిడకి నా అన్నవాళ్లు ఇంకెవరున్నారు?"

"నేనున్నాను. ఒక గుడ్లగూబ ఉంది."

ఆర్డిస్ కళ్లు తుడుచుకుని, ప్రార్థన కోసం ఒకరికొకరు ఫోన్లు చేసుకునే ఆడవాళ్ల గొలుసు కదిపింది. పదింటికల్లా ఇజ్మెరా హాల్వర్‌కి అక్క అయింది. పదకొండింటికి నార్వే నుంచి ఓడలో వచ్చిన అక్క. పన్నెండు కొట్టేసరికి ఆమెకు నూట నాలుగేళ్లు; తమ్ముడు వెనక గదిలో దాచి, తోడుకి గుడ్లగూబని కట్టేశాడు.

రెండింటికి హాల్వర్, డెల్మర్ మెట్లు దిగేసరికి హాలు నిండా జనం. బంగాళాదుంప ముక్కలు పరిచి కాల్చిన హాట్‌డిష్‌లు పదకొండు, హామ్ పెట్టిన బన్నులు, బకెట్టంత పాత్రలో కాఫీ. పైన ఆర్గన్ అప్పుడే మూలుగుతోంది.

"ఒరేయ్, ఎవరో పోయినట్టున్నారు, వెళ్లిపోదాం పద," అన్నాడు డెల్మర్.

ఆర్డిస్ ఎదురొచ్చింది. "ఆవిడేదయ్యా? నడిపించుకొచ్చారా, మోసుకొచ్చారా?"

హాల్వర్ చంకలోని అట్టలోంచి పసుపుబారిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. "ఇదుగో."

పాస్టర్‌గారు దగ్గారు.

"ఈ కాగితం ముక్క కోసమా నేను పొద్దుట్నుంచీ ఏడ్చింది?" అంది ఆర్డిస్. "డెబ్బై దాటాయి, బుద్ధి ఎప్పుడొస్తుంది మీ ఇద్దరికీ?"

విసిరికొడదామనే ఎత్తింది. ఎత్తిన చెయ్యి ఆగిపోయింది. వయసు గడిలో పెన్సిలుతో రాసి, చెరిపి, మళ్లీ రాసి, కాగితానికి కన్నం పడింది. వెనక టేపు అంటించి, దాని మీద మళ్లీ రాశారు: 94. హాలు వంటగదిలో ఒక గిన్నె ఉంది. ఏడు నెలలుగా ఎవరూ వాడలేదు, ఎవరూ తీసేయలేదు. దాని అడుగున అంటించిన పేరు కూడా ఇదే చేతిరాత.

"లోర్నా రాతే కదూ?"

"ఆవిడదే," అన్నాడు హాల్వర్. "నా వీరుడు డ్రాగన్ కాళ్ల దగ్గర పడున్నాడు. నవంబరు నుంచీ పడున్నాడు. మంత్రం వేస్తే ఆవిడ పోతుంది, వేయకపోతే నేను పోతాను. ఇవాళ తేల్చేద్దామని వచ్చాను." రబ్బరు చేతిలోకి తీసుకున్నాడు, మళ్లీ బల్ల మీద పెట్టేశాడు. "డెల్మర్, నన్నే పోనీరా."

"కాగితం ఆవిడది. నువ్వెవడివిరా చెప్పడానికి?" అన్నాడు డెల్మర్.

ఆర్డిస్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. "లోర్నా అయితే ఏం చేసేది?"

"ముందు నన్ను తిట్టేది."

"ఆ తర్వాత?"

హాల్వర్ రబ్బరు మళ్లీ అందుకున్నాడు. నాలుగుని చెరిపాడు. అయిదు రాయబోయేసరికి పాత టేపు చిరిగి, పెన్సిలు మొన కాగితంలోంచి దిగి బల్లకు తగిలింది. ఏడు నెలలుగా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. పొద్దుట్నుంచీ లేని మనిషి కోసం ఏడ్చి అలిసిపోయిన ఆడవాళ్లు, ఉన్న మనిషి కోసం మళ్లీ మొదలుపెట్టారు.

"లోర్నా పోతే మేం భోజనాలు పెట్టలేదు. నువ్వు తలుపు తీస్తేగా," అంటూ ఆర్డిస్ అతని ముందు పళ్లెం పెట్టింది. "తిను, చల్లారిపోతుంది."

సాయంత్రం లేస్తూ హాల్వర్ పాస్టర్‌గారితో, "సోమవారం గొయ్యి తవ్వించండి. నేల మెత్తగానే ఉంది," అన్నాడు.

ఆదివారం చర్చి కరపత్రంలో లోర్నా అంత్యక్రియల వేళా, పక్కన వయసు అరవై ఎనిమిదీ అచ్చయ్యాయి. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో వరుస ఉంది: గుడ్లగూబను పెంచుకోదలచినవారు ఆర్డిస్‌ను కలవగలరు.