మూడువేళ్ళ నల్లపట్టీ

కుళాయి కనెక్షన్ల శాఖలో పెండింగ్ దరఖాస్తులు సున్నాకు చేరాయని మంత్రిగారు సోమవారం ఉదయం ప్రకటించారు. "ఇంతకంటే తక్కువ పెండింగ్ ఉన్న శాఖ ప్రపంచంలో ఎక్కడైనా ఉంటే చూపించండి!" అని సవాలు కూడా విసిరారు. సున్నా కంటే తక్కువ చూపించగల మొనగాడు ఎవరూ ముందుకు రాలేదు.

ఈ ఘనవిజయానికి మూలం డైరెక్టరుగారి బల్లమీది ల్యాప్‌టాప్. దాని వయసు పదకొండేళ్ళు. మూత తెరిస్తే మూలుగుతుంది, వేడెక్కితే ఈల వేస్తుంది. తొమ్మిది నెలల కిందట దాని స్క్రీన్‌కి కుడి చివర మూడువేళ్ళ వెడల్పున నల్లపట్టీ పడింది. శాఖవారి పట్టికలో ఎడమపక్క వచ్చిన దరఖాస్తులు, మధ్యలో మంజూరైనవి, కుడి చివర పెండింగ్‌వి. డైరెక్టరుగారు అబద్ధమాడి ఎరగరు. అందుకే ఆ నెల నివేదికలో ఉన్నదున్నట్టు "పెండింగ్ కనబడలేదు" అని రాశారు. అది ఒక్కో బల్లా దాటి పైకి వెళ్ళేసరికి, క్లుప్తతకు పేరుపడ్డ గుమాస్తాల చేతుల్లో "పెండింగ్ లేదు" అయి కూర్చుంది.

గురువారం మంత్రిగారే స్వయంగా వచ్చి ఆ సున్నాను విలేకరులకు చూపించాలని నిర్ణయమైంది. ఫొటోల్లో నల్లపట్టీ పడితే శాఖ పరువేం కావాలి? మంగళవారం పొద్దున్నే స్క్రూ అక్కకు కబురు వెళ్ళింది.

స్క్రూ అక్క ఆ ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసే మనిషి. ముడిలో హెయిర్‌పిన్నుల పక్కనే ఒక బుల్లి స్క్రూడ్రైవరు ఉంటుంది కాబట్టి ఆ పేరు. మూడేళ్ళ కిందట ఆవిడా కుళాయికి దరఖాస్తు పెట్టుకుంది. ఆనాటినుంచి రోజూ వీధి చివరికి వెళ్ళి, రెండు క్యాన్లు నింపుకుని, మూడంతస్తుల మెట్లెక్కి, ఆపైన ఆఫీసుకు వస్తోంది.

"కుళాయిల ఆఫీసులో ఉద్యోగం, నీళ్ళేమో భుజాలమీద! నలుగురిలో చెప్పుకోడానికి సిగ్గేస్తోందే అమ్మాయ్," అని అత్తగారు రోజూ అంటూనే ఉంటుంది.

"నాకంటే మీకే బరువుగా ఉన్నట్టుందే అత్తయ్యా!" అని స్క్రూ అక్క నవ్వేస్తుంది.

డైరెక్టరుగారు ల్యాప్‌టాప్‌ని ఆవిడ ముందుకు తోశారు.

"నేను రెండుసార్లు కొట్టి చూశాను. లాభం లేకపోయింది."

"ఎందుకు కొట్టారు సార్?"

"మా ఇంట్లో టీవీ అలాగే దారికొస్తుంది."

స్క్రూ అక్క మూతను మెల్లగా ముందుకీ వెనక్కీ వంచి చూసింది. ఒకచోట పట్టీ చటుక్కున మెరిసి మళ్ళీ నల్లబడింది. పక్కగదిలోంచి మానిటర్ తెచ్చి తగిలించింది. అందులో బొమ్మ నిండుగా, ఏ పట్టీ లేకుండా వచ్చింది. ఆ సమయంలో డైరెక్టరుగారు కిటికీవైపు తిరిగి, అభినందనలు అందుకునేటప్పుడు ఎంత వినయంగా తలవంచాలో సాధన చేస్తున్నారు.

"మెషిన్‌లో లోపం లేదు సార్. స్క్రీన్‌కి వెళ్ళే కేబుల్ వదులైంది. మూత తీసీ మూసీ ఊడొచ్చింది."

స్క్రీన్ చుట్టూ ఉన్న చట్రం విప్పి, కేబుల్ ఊడదీసి, మొన తుడిచి, తిరిగి గట్టిగా నొక్కి, పైన టేపు అంటించింది. స్విచ్ వేసింది. స్క్రీన్ ఈ చివరినుంచి ఆ చివరిదాకా తళతళలాడింది. కుడి చివర 312 అని, దానికింద దరఖాస్తుదారుల పేర్ల వరస ఉన్నాయి.

డైరెక్టరుగారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇవెక్కణ్ణుంచి తెచ్చావమ్మా?"

"నేను తేలేదు సార్, ఇక్కడే ఉన్నాయి. పదిహేడోది మాదే."

"నిన్నటిదాకా లేవే!"

"కనబడలేదు సార్."

"నేనూ అదే కదా రాశాను!" అన్నారాయన, ఏడుపు గొంతుతో. తర్వాత తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించారు. "ఆ కేబుల్ మళ్ళీ ఊడబీకెయ్యి."

స్క్రూ అక్క కళ్ళముందు మూడంతస్తుల మెట్లు కదిలాయి. అయినా ముడిలోంచి స్క్రూడ్రైవరు తీస్తూ అంది: "అలాగే సార్. ఒక్క ముక్క రాసివ్వండి."

హెడ్‌క్లర్కుని పిలిపించారు. శాఖలో ఆయన తెరవని రూల్‌బుక్కు లేదు. సమస్య విని, వేలు తడిచేసుకుని, పుటలు తిప్పాడు.

"ప్రభుత్వ వస్తువును బుద్ధిపూర్వకంగా చెడగొట్టాలంటే నిపుణుల కమిటీ వెయ్యాలి సార్. ఎందుకు చెడగొట్టాలో కమిటీ చెప్పాలి. ఎంత చెడగొట్టాలో సబ్‌కమిటీ చెప్పాలి. పధ్నాలుగు సంతకాలు. ఎంత తరిమినా నాలుగు నెలలు."

"మంత్రిగారు ఎల్లుండి వస్తున్నారయ్యా! మరి, కుళాయి కనెక్షన్ ఇవ్వడానికో?"

హెడ్‌క్లర్కు ఇంకో పుస్తకం తెరిచాడు. చాలాసేపు చదివాడు. వెనక్కి తిప్పి మళ్ళీ చదివాడు.

"ఒక్క సంతకం సార్."

"ఎవరిది?"

"తమరిదే."

డైరెక్టరుగారు కలం మూత తీశారు.

సాయంత్రానికి మూడువందల పన్నెండు సంతకాలూ పడ్డాయి. చివరి యాభై సంతకాలూ వానపాముల్లా ఉన్నాయని గిట్టనివాళ్ళన్నారు గానీ, చెల్లుబాటుకు అడ్డం రాలేదు. శాఖకు ముప్ఫైతొమ్మిదిమంది ప్లంబర్లున్నారు. క్యారమ్స్ బోర్డు దగ్గర ఉన్నవాళ్ళను ఉన్నట్టే లేపి, మనిషికి ఎనిమిది ఇళ్ళు అప్పగించారు.

బుధవారం మధ్యాహ్నం స్క్రూ అక్క ఇంటికి వెళ్ళేసరికి, ప్లంబరు పైపులు పట్టుకుని గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. తలుపుకి లోపల గడియ.

"అక్కా, మీ అత్తగారికి మీరైనా చెప్పండి. గంటనుంచి బతిమాలుతున్నాను."

"దరఖాస్తు పెట్టినందుకు కుళాయి బిగిస్తాట్టే! నేనేమైనా చిన్నపిల్లనా నమ్మడానికి? ముందు వాడెవడో కనుక్కో!" అని లోపలినుంచి అత్తగారి గొంతు.

కోడలు నచ్చజెప్పాక తలుపు తెరుచుకుంది. నీళ్ళు వచ్చాక అత్తగారు కుళాయి కట్టెయ్యనివ్వలేదు. బిందె నిండింది, గిన్నెలు నిండాయి, చివరికి పూలకుండీలు కూడా పొర్లాయి. కోడలు ఖాళీ క్యాన్లమీద కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వింది.

గురువారం మంత్రిగారు వచ్చారు. స్క్రీన్ నిండుగా వెలుగుతోంది, కుడి చివర సున్నా ఉంది. కెమెరాలు మెరిశాయి, చప్పట్లు మోగాయి. కారెక్కబోతున్న మంత్రిగారికి డైరెక్టరుగారు, ఆనందం పట్టలేక, నల్లపట్టీ దగ్గర్నుంచి వానపాముల వరకూ జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పేశారు. మంత్రిగారు శ్రద్ధగా విన్నారు.

"కేబుల్ సరిచేసినావిడ ఏ గదిలో ఉంటుంది?" అని మాత్రం అడిగారు.

స్క్రూ అక్కకు సన్మానం ఖాయమని ఆఫీసంతా అనుకుంది.

శుక్రవారం ఆవిడ గది తలుపు తీసేసరికి బల్లమీద పధ్నాలుగు ల్యాప్‌టాప్‌లు వరసగా పేర్చి ఉన్నాయి. పధ్నాలుగు శాఖలవి. అన్నీ కొత్తవే. ఒక్కొక్కటే తెరిచి చూసింది. ఏ స్క్రీన్ మీదా చిన్న మరక కూడా లేదు.

రిపేరు చీటీలు తీసింది. అన్నిటిమీదా లోపం రాయవలసిన గడిలో ఒకే మాట ఉంది:

"కుడివైపు కనబడుచున్నది."