మూలనున్న చిన్న బల్బుకు ఒక అభిమాని జోహార్లు

మనిషి కనిపెట్టిన వాటన్నిటిలోకీ గొప్పది ఏది? చక్రం అంటారు కొందరు. కరెంటు అంటారు ఇంకొందరు. పాపం, అమాయకులు! పాత కంప్యూటర్ ఆటలకి కొత్త రంగులు పూసి మళ్లీ అమ్ముతున్నారే, ఆ ఆటల్లో తెర మీద కుడివైపు మూలన ఓ బుల్లి బల్బు బొమ్మ ఉంటుంది. అదీ అన్నిటికన్నా గొప్పది!

ఆట ఎక్కడ ముందుకు సాగకపోతే అక్కడ ఆ బల్బు నొక్కాలి. తర్వాత ఏం చెయ్యాలో అదే చెప్పేస్తుంది. బుర్ర బద్దలు కొట్టుకునే పని లేదు, జుట్టు పీక్కునే పని లేదు. పీక్కోవడానికి మా వయసు అభిమానులకి జుట్టు కూడా లేదనుకోండి, అది వేరే సంగతి. ఇంతటి మహోపకారిని పట్టుకుని మా అభిమాన సంఘం వాళ్లు దుమ్మెత్తిపోస్తున్నారు. అందుకని దాని తరఫున నేనొక్కణ్నే వకాల్తా పుచ్చుకున్నాను.

ముందుగా నా అర్హత మనవి చేసుకోవాలి. నేను వాషింగ్ మెషీన్ల కంపెనీలో కస్టమర్ కేర్ ఉద్యోగిని. చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని పొద్దస్తమానం జనానికి జవాబులు చెప్పడమే నా వృత్తి. "మెషీను తిరగట్లేదండీ, మా కొంప మునిగింది" అంటారు అవతలివాళ్లు. "ప్లగ్గు పెట్టారా మేడమ్?" అంటాను నేను. అట్నుంచి ప్లగ్గు పెడుతున్న చప్పుడు. తర్వాత "ఆఁ, తిరుగుతోంది" అని ఠక్కున పెట్టేస్తారు. జవాబు దొరికాక మళ్లీ ఎవరూ ఫోన్ చెయ్యరు. అంటే నేనూ ఒక బల్బునే కదా! సాటి బల్బుని నేను కాక ఇంకెవరు వెనకేసుకొస్తారు?

ఇక ఆ ఆట సంగతి. మా చిన్నప్పటిది. నవ్వించే అంతరిక్ష సాహసం. అసలు పేరు ఇంగ్లీషులో బారెడు ఉండేది. నోరు తిరక్క మా అక్కా నేనూ దానికి 'బోల్టు బాబాయ్' అని పేరు పెట్టుకున్నాం. ఎందుకంటే అందులో హీరో, అంతరిక్ష నౌకలో కుర్చీలకి బోల్టులు బిగించే మనిషి. ఓ రోజు శత్రువులొచ్చి నౌకలో ఉన్నవాళ్లందర్నీ ఎత్తుకుపోతారు. కెప్టెన్ కుర్చీ కింద దూరి బోల్టు బిగించుకుంటున్న ఈయన మాత్రం మిగిలిపోతాడు. భూగోళాన్ని కాపాడే బాధ్యత కాస్తా పోయి పోయి ఈయన నెత్తిన పడుతుంది.

కాపాడతాడా? చస్తాడు! తలుపు తీస్తే చస్తాడు. తియ్యకుండా కూర్చుంటే చస్తాడు. మెట్లు గబగబా దిగితే చస్తాడు, నెమ్మదిగా దిగితే వెనక నుంచి వచ్చినవాడు తోసేస్తే చస్తాడు. చచ్చిన ప్రతిసారీ తెర మీద ఓ వెక్కిరింపు. "అభినందనలు! మీరు తలుపు తెరిచారు. అవతల గాలి లేదన్న సంగతి మీకు తప్ప అందరికీ తెలుసు." ఆ వెక్కిరింపులు చదువుకోవడం కోసమే కావాలని చచ్చి, కడుపు పట్టుకుని నవ్వేవాళ్లం.

అప్పట్లో బల్బూ లేదు, గిల్బూ లేదు. ఏం చెయ్యాలో మనమే ఆలోచించి కీబోర్డు మీద కొట్టాలి. 'తువ్వాలు తీసుకో.' 'తువ్వాలు పిండు.' మొదటి గదిలో తడి తువ్వాలు తీసుకోవడం మర్చిపోయామా, ఆట చివరికంటా వెళ్లాక అది లేనందుకు చస్తాం. అప్పుడు మళ్లీ మొదట్నుంచీ!

అలాంటి ఆట మీద పెరిగిన మనిషి ఎలా తయారవుతాడో నన్ను చూసి తెలుసుకోండి. రోడ్డు మీద స్క్రూ కనిపిస్తే జేబులో వేసుకోకుండా నాకు అడుగు ముందుకు పడదు. మొన్న మా ఆవిడ నా సొరుగు తీసి నిలబడిపోయింది.

"ఈ సగం జిప్పు దేనికండీ?"

"ఉండనీ. ముందు ముందు అవసరం పడుతుంది."

"ఏ గ్రహం మీద?"

ఆవిడ ఆ ఆట ఆడలేదు గానీ, ఆడి ఉంటే ఆ వెక్కిరింపులు రాసే ఉద్యోగం ఆవిడకే ఇచ్చేవారు. ఆఫీసులో నా పరిస్థితి ఇంకా అధ్వానం. మా మేనేజరు గదిలోకి సెలవు అడగడానికి వెళ్లే ముందు, ఇక్కడిదాకా జరిగిన జీవితాన్ని ఆటలోలా ఓసారి సేవ్ చేసుకునే వీలుంటే బావుణ్ననిపిస్తుంది. ఉండదు. లోపలికి వెళతాను, నోరు తెరుస్తాను, చస్తాను.

నాలాంటివాళ్లందరం కలిసి పెట్టుకున్నదే మా అభిమాన సంఘం. ఓ జిరాక్సు షాపు వెనక గదిలో కలుస్తాం. అధ్యక్షుడు కంటి డాక్టరు. బోల్టు బాబాయ్ బూట్ల రంగు బ్రౌనా, ముదురు బ్రౌనా అన్న విషయం మీద సంఘంలో రెండు వర్గాలున్నాయి. ఎదురుపడితే మొహాలు తిప్పుకుంటారు. అధ్యక్షుడు నిక్షేపంలాంటి చూపున్న మనిషి కదా, ఆయన తేల్చకూడదా అంటారా? ముదురు బ్రౌన్ వర్గం ఆయనది. అవతలి వర్గం ఆ రోజు నుంచీ కళ్లద్దాలు వేరే డాక్టరు దగ్గర చేయించుకుంటోంది.

మా సంఘానికి ఒకటే నియమం. ఎవరూ ఎవరికీ జవాబు చెప్పకూడదు, అడగకూడదు. లిఫ్టులు బాగుచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. ఆయన ఆటలో రెండో గది ఇంతవరకూ దాటలేదు. గడ్డం నెరిసింది గానీ గది మారలేదు. మేమంతా ఆయన్ని చూస్తే లేచి నిలబడతాం.

అలాంటి సంఘం మీద, కొత్త రంగులేసుకొచ్చిన బోల్టు బాబాయ్‌తో పాటు ఈ బల్బు పిడుగులా పడింది. "ఇది ఆటని చంపేస్తుంది" అన్నారు అధ్యక్షుడు. "నేనింకా రెండో గదిలోనే ఉన్నానయ్యా, దయచేసి దాన్ని నా దగ్గరికి రానీకండి" అన్నారు పెద్దాయన, నిజంగానే చేతులు జోడించి. ఛాందసం! చెప్పేవాడు ఉండగా వెతుక్కోవడం దేనికి? అందుకే నేను సంఘం మాట గాలికొదిలేసి కొత్త ఆట తెప్పించుకున్నాను.

బల్బు వల్ల నాకు కలిగిన లాభాలు చెప్పాలంటే ముందు మా అక్క గురించి చెప్పాలి.

నాన్న వాళ్ల ఆఫీసులో మూలపడేసిన కంప్యూటర్‌ని ఇంటికి తెచ్చారు. అందులో ఎవరో వదిలేసిన ఆట అది. అక్క టైపింగ్ నేర్చుకునేది కాబట్టి కీబోర్డు ఆవిడది. బాణం గుర్తులు నావి. సెలవులన్నీ ఒకే కుర్చీలో ఇరుక్కుని ఆడాం. చివరికి చంద్రుడి మీద ఒక గేటు దగ్గర ఆగిపోయాం. అక్కడ కాపలా ఉన్న రోబో "ఏం పని మీద వచ్చారు?" అంటుంది. మేం ఏం కొట్టినా "మీ మాట నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పండి" అంటుంది. చెప్పీ చెప్పీ వేళ్లు నొప్పెట్టాయి. ఈలోగా ఆ కంప్యూటరే కన్నుమూసింది. మా బోల్టు బాబాయ్ ఆ గేటు ముందే నిలబడిపోయాడు.

తర్వాత అక్క పళ్ల డాక్టరైంది. వేరే ఊళ్లో కాపురం. అప్పట్నుంచీ ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఫోన్.

"ఒరేయ్, దానికి తువ్వాలు కప్పితే?"

"కప్పాం కదక్కా. అర్థం కాలేదంది."

"తడి తువ్వాలా, పొడి తువ్వాలా?"

"అది గుర్తులేదే..."

చేతిలో ఆట లేదు, కంప్యూటర్ లేదు, ఉన్నది ఆ గేటు ఒక్కటే. దాని చుట్టూ ఏళ్ల తరబడి తిరిగాం! మధ్యమధ్యలో అక్క మోకాలి నొప్పి, మా మేనేజరు చిరాకు, మేనకోడలి పరీక్షలు అన్నీ దొర్లేవి. మా ఇంట్లో ఒకర్నొకరు 'ఎలా ఉన్నావ్' అని అడిగే అలవాటు ఎవరికీ లేదు. అమ్మ పోయిన తర్వాత వచ్చిన మొదటి ఆదివారం ఫోన్ మోగింది. వచ్చి వెళ్లిన చుట్టాల గురించి చెప్పుకున్నాం. తర్వాత అక్క, "ఒరేయ్, ఆ రోబోని మనం ఎప్పుడైనా బతిమాలామా?" అంది. నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకే ఏడుపూ వచ్చింది. ఇద్దరం తనివితీరా ఏడ్చాం.

చూశారా ఎంత కాలయాపనో! ఎంత ఫోన్ ఖర్చో! బల్బు వచ్చింది, ఒక్క నొక్కుతో ఈ బెడదంతా వదిలించింది.

గేటు దాకా వెళ్లి నొక్కగానే తెర మీద రెండు ముక్కలు వచ్చాయి. "ఏమీ టైపు చెయ్యకండి. కాసేపు ఊరికే నిలబడండి. రోబోకి విసుగొచ్చి అదే గేటు తీస్తుంది."

అంతే! మేం చెయ్యని పని అదొక్కటే! ఆదివారం దాకా ఆగలేక అప్పటికప్పుడే అక్కకి ఫోన్ కొట్టి, ఎగిరి గంతేస్తున్నవాడిలా చెప్పేశాను.

"ఓహో," అంది అక్క. "ఊరికే నిలబడాలా?"

"అంతేనక్కా! చూడు ఎంత సులువో!"

"మంచిదేరా. పోనీలే, తెలిసింది."

"పేషెంట్లున్నార్రా, ఉంటాను" అని పెట్టేసింది.

ఇక లాభాలు చూడండి. ఆదివారం మధ్యాహ్నాలు మొత్తం నావే అయిపోయాయి. సాక్సులన్నీ జతలు కలిపాను. సొరుగులో స్క్రూలని సైజుల వారీగా పేర్చాను. ఫోన్‌లో చార్జింగ్ అలాగే నిండుగా ఉంటోంది. ఇన్ని సుఖాలు పెట్టుకుని, గదిలో ఆ మూల నుంచి ఈ మూలకి కాలుకాలిన పిల్లిలా ఎందుకు తిరుగుతున్నారని మా ఆవిడ అడిగింది. వ్యాయామం అన్నాను. అది బల్బు ఇచ్చిన మరో లాభం!

ఒక ఆదివారం నేనే ఫోన్ చేశాను. "ఎలా ఉన్నావక్కా?" అన్నాను.

అక్క గొంతులో కంగారు. "ఏమైందిరా? ఎవరికైనా ఒంట్లో బాలేదా?"

"అబ్బే, ఏం లేదు. ఊరికే."

"ఊరికేనా? హడలగొట్టావు కదరా!"

వాతావరణం గురించి చెప్పుకున్నాం. రెండు ఊళ్లలోనూ ఎండగానే ఉంది. ఆ ముక్కతో అదీ అయిపోయింది.

ఇంతలో ఓ రోజు మా బావగారు ఆఫీసుకి ఫోన్ చేశారు. ఆయనకి వాషింగ్ మెషీన్ మొరాయించినప్పుడే బావమరిది గుర్తొస్తాడు. ప్లగ్గు పెట్టించాక, పెట్టెయ్యబోతూ అన్నారు.

"మీ అక్కకి ఆదివారం మధ్యాహ్నం ఏం తోచట్లేదోయ్. సర్దిన బీరువానే మళ్లీ సర్దుతోంది. ఆ చంద్రుడి మీద గేటు గొడవ ఏమైంది, మానేశారా?"

"జవాబు తెలిసిపోయింది కదా బావగారూ. బల్బు నొక్కాను."

"ఇప్పుడు తెలియడమేమిటి? మీ అక్క ఆ కొత్త ఆట వచ్చిన వారానికే కొంది. బల్బూ నొక్కింది, గేటూ దాటింది, భూగోళాన్నీ కాపాడేసింది. నా ఎదురుగానే! ఆ తర్వాత కూడా వారం వారం నీతో తువ్వాలు, తువ్వాలు అంటుంటే, ఇదేం చోద్యమో నాకు అర్థం కాలేదు."

హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాను. పక్క సీటావిడ "ఏమైందండీ?" అని అడిగింది. జనానికి ప్లగ్గు గురించి చెప్పే మేధావిని నేను! అన్నీ తెలిసి, వారం వారం తప్పు జవాబులు వెతికి వెతికి నాకు ఫోన్ చేసిన మనిషికి, ఊడిపడ్డట్టు వెళ్లి సరైన జవాబు చెప్పేశాను. ఇలా చచ్చినందుకు బోల్టు బాబాయ్ ఆటలో ఎంత గొప్ప వెక్కిరింపు వచ్చేదో!

ఆదివారం మధ్యాహ్నం అక్కకి ఫోన్ చేశాను.

"అక్కా, ఆ బల్బు మాట నమ్మకు. నేను ఊరికే నిలబడి చూశాను. రోబో ఇసుమంతైనా కదల్లేదు."

నోటిదాకా వచ్చిన మాటల్ని మింగేసి, నేను ఊరికే ఉన్నాను.

"నేనప్పుడే అనుకున్నాన్రా," అంది అక్క. "అంత సులువుగా ఎందుకు తీస్తుంది? ఒరేయ్, ఆ తువ్వాలు పిండకుండా దాని చేతికే ఇచ్చి చూశామా మనం?"

కాబట్టి పాఠక మహాశయులారా, బల్బు గొప్పదే, అందులో సందేహం లేదు. మా గేటు విషయంలో మాత్రం అది చెప్పింది శుద్ధ తప్పు. మీలో ఎవరైనా ఆ గేటు దాటినవాళ్లుంటే దయచేసి నాకు రాయకండి. మా అక్క ఈ కాలమ్ చదవదు. చదివినా చదవలేదనే చెబుతుంది, ఆ విద్యలో ఆవిడ నాకన్నా ఘటికురాలు. ఎప్పుడైనా పంటినొప్పితో ఆవిడ దగ్గరికి వెళ్లాల్సొస్తే చెప్పినట్టల్లా నోరు తెరవండి గానీ, గేటు మాట మాత్రం ఎత్తకండి.