కువైటు పిడి, సింగపూరు పెట్టె

1986 విజయదశమి నాడు తిరుత్తణి నేతవీధిలో వరదయ్య పెట్టుకున్న పని ఒకటే. పదకొండు గంటలకు తిరువళ్ళూరు జవుళి వ్యాపారి శివప్రకాశం వస్తాడు. ఆయనకు చీరకు వేసే నెమళ్ళ అంచు బొమ్మ చూపించాలి. ఆయన సరే అంటే వరదయ్య రెండు మగ్గాలకూ సంక్రాంతికి వచ్చే తై నెల దాకా పని ఉంటుంది. కాదంటే దీపావళి లోపలే రెండూ ఆగిపోతాయి.

అంచు గీసేది కాగితం మీద కాదు. వరదయ్య తమ్ముడు సింగపూరు నుంచి కంప్యూటర్ పంపాడు. టీవీకి తగిలిస్తే అది పనిచేస్తుంది. తిరువళ్ళూరులో టీవీలు బాగుచేసే మేనల్లుడు షణ్ముగం దానికొక ప్రోగ్రాం రాశాడు. బాణం మీటలు నొక్కి తెర మీద చుక్కను నడిపితే గడులు నిండి నెమలి తయారవుతుంది. ఆ ఉదయం ఏడుకు షణ్ముగం గీయడానికి కూర్చున్నాడు. చుక్క కదల్లేదు.

ముందు రోజు ఆయుధపూజ. వరదయ్య భార్య అలిమేలమ్మ మగ్గాలకు, నాడెలకు, కత్తెరకు గంధం కుంకుమ పెట్టింది. కంప్యూటర్‌కూ పెట్టింది.

"అత్తా, దీనికి యాడ పెట్టినావు గంధం?" అన్నాడు షణ్ముగం.

"మీటమీటకూ పెట్టినాను నాయనా. ఒకదానికి పెట్టి ఇంకొకదానికి పెట్టకుంటే బాగుంటాదా?"

గంధం మీటల సందుల్లోకి దిగి ఎండిపోయింది. అక్షరాల మీటలను షణ్ముగం సూదితో గీకి విడిపించాడు. బాణం మీటలు లేవలేదు. అలిమేలమ్మ వాటికి రెండుసార్లు పెట్టింది.

"దోవ చూపించేవి గదా అని," అంది.

పక్కింటి రుక్మిణమ్మ అల్లుడు కువైటు నుంచి ఆట పెట్టె తెచ్చాడు. దాన్నీ టీవీకే తగిలిస్తారు. తెర మీద విమానాలు ఎగురుతాయి. వాటిని నడిపే పిడికి ఒక వైరు, వైరు చివర తొమ్మిది రంధ్రాల ప్లగ్గు. కంప్యూటర్ పక్కన తొమ్మిదేసి సూదులున్న గూళ్ళు రెండున్నాయి.

"అది వేరే కంపెనీ, ఇది వేరే కంపెనీ మామా. ప్లగ్గు మాత్రం ఒకటే. అడిగి తీసుకురా, సీక్రం," అన్నాడు షణ్ముగం.

ఆట పెట్టె కూడా పూజలోనే ఉంది. మళ్ళీ హారతి ఇచ్చి కదిలించేదాకా దాన్ని ఎవరూ తాకరాదు. వరదయ్య చెప్పింది విని రుక్మిణమ్మ, పది గంటలకు ఇవ్వాల్సిన హారతి ఎనిమిదికే ఇచ్చింది. పిడికి చుట్టిన చామంతి దండ తీసి, పిడిని అతని చేతిలో పెట్టింది.

"సామి ఏమీ అనుకోడులే. నీ మగ్గం ఆడాల, అదిదా ముఖ్యం."

"ఈ మేలు మరిచిపోను అక్కా," అన్నాడు వరదయ్య.

షణ్ముగం ప్రోగ్రాంలో రెండు లైన్లు మార్చి ప్లగ్గును మొదటి గూటికి తగిలించాడు. చుక్క కదిలింది. అలిమేలమ్మ టీవీకి దండం పెట్టింది. కానీ గీయడం మొదలుపెట్టాక, పిడిని కుడికి తోసినప్పుడల్లా ఒక నెమలి రెండయ్యేది.

అతను ఎంచుకున్న గూడు తప్పు. ఆ యంత్రంలో మొదటి గూటి తీగలు, మీటల తీగలు లోపల ఒకటే. పిడి కుడికి పోతే ఎవరో 2 అనే మీట నొక్కినట్టు యంత్రం లెక్క. షణ్ముగం ప్రోగ్రాంలో 2 అంటే బొమ్మకు జత వేయమని. ఈ సంగతి అతనికి మరుసటి వారం తెలిసింది. ఆ పూటకు అతను కుడికి పోవడమే మానుకున్నాడు. ఎడమ అంచు దాటిస్తే చుక్క కుడివైపు తేలేది. అట్లా చుట్టూ తిప్పుకుంటూ పది ముప్పావుకు రెండు నెమళ్ళు ముగించాడు.

"క్యాసెట్‌లోకి ఎక్కించాల. అంగడికి పోయి క్యాసెట్ తెస్తాను. మామా, దీన్ని తాకొద్దు."

"నేనెందుకు తాకుతాను?" అన్నాడు వరదయ్య.

అతను తాకింది తెర మీద, ముక్కు దగ్గర దుమ్ము పడిన నెమలిని, పంచె కొంగుతో. దుమ్ము తుడుస్తుంటే మోచేయి పిడికి తగిలింది. రెండు నెమళ్ళు నాలుగయ్యాయి. వాటిని వెనక్కి పంపాలని పిడి పట్టుకున్నాడు. నాడెను అటూ ఇటూ పంపే పిడిని నలభై ఏళ్ళుగా లాగిన చేయి అది. దానికి ఇంకో లాగుడు తెలియదు. కుడికి, ఎడమకు, కుడికి. చేయి ఆడితే కాళ్ళు ఊరుకోవు. అవి మేజా కింద తొక్కడం మొదలుపెట్టాయి. తెర నిండా నెమళ్ళు.

శివప్రకాశం గడపలో నిలబడి ఉన్నాడు.

"ఎన్నయ్యా వరదయ్యా! మగ్గం విడిచిపెట్టి ఆటలో పడినావా?"

వరదయ్య తల తిప్పి చూశాడు. చేయి ఆగలేదు. అలిమేలమ్మ ముందుకొచ్చింది.

"ఆట గాదు సామీ, అదీ మగ్గమే. కూర్చోండి, కాపీ తెస్తాను."

"మగ్గమా? నేనడిగింది నాలుగు వేళ్ళ అంచు. ఈ నెమళ్ళకు చీర చాలదు, పందిరి వేయాల."

అప్పుడు వరదయ్య ఎడమ కాలు మేజా కింద ఉన్న కంప్యూటర్ కరెంటు పెట్టెను తొక్కింది. తెర ఖాళీ అయింది. క్యాసెట్‌తో వచ్చిన షణ్ముగం గుమ్మంలోనే కూలబడ్డాడు.

వరదయ్య లేచి చేతులు జోడించాడు. "అయ్యా, అంతా పోయింది. మీకు చూపించేదానికి నా దగ్గర ఏమీ లేదు. మన్నించాల."

"కూర్చో. ఇంకొకసారి లాగు," అన్నాడు శివప్రకాశం.

"తెరలో ఏమీ లేదు గదయ్యా."

"తెర ఎవరడిగినారు? నువ్వు లాగు."

వరదయ్య లాగాడు. శివప్రకాశం అతని మోచేతినీ, మేజా కింద కాళ్ళనూ చూస్తూ కాఫీ ముగించాడు.

"పొద్దున్నుంచి మూడిండ్లు చూసినాను. అందరూ బొమ్మలే చూపించినారు. నేసే చేతిని ఎవరూ చూపించలేదు. నేను తిట్టినా లయ తప్పని చేయి ఇది. తై దాకా నీ రెండు మగ్గాలూ నావి." చొక్కా జేబులోంచి గళ్ళ కాగితం తీసి విప్పాడు. అందులో హంసల అంచు ఉంది.

"నెమలి వద్దా అయ్యా?" అన్నాడు షణ్ముగం గుమ్మంలోంచి.

"నెమలికి గిరాకీ పోయిన ఏడే ఆగిపోయింది తంబి."

వరదయ్య ఆయనకు దండం పెట్టాడు. షణ్ముగం చేతులను తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"గంధం పెట్టింది నేను," అంది అలిమేలమ్మ. ఆమెకూ దండం పెట్టాడు.

తర్వాత ఆకువక్కలు, అరటిపండ్లు తట్టలో పెట్టుకుని, పిడి తీసుకుని పక్కింటికి పోయాడు.

"అక్కా, నీ పుణ్యాన మగ్గాలు నిలిచినాయి. పిడి కొంచెం గట్టిగా లాగినాను. చూసుకో."

"ఏమీ కాదు పోరా," అంది రుక్మిణమ్మ.

ఆ సాయంత్రం ఆమె టీవీలో విమానాలు పైకి లేచాయి, కిందికి దిగాయి. పక్కలకు తిరగలేదు. ఆ సంగతి ఆమె వరదయ్యకు ఎన్నడూ చెప్పలేదు.