తెల్ల గట్టు

శుక్రవారం ఉదయం బాపిరాజు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. మేడ మీద ఆరుబయట వంటకని కట్టించిన గట్టు మీద నిన్న సాయంత్రమే గ్రానైటు పరిచారు. రెండు రోజులు అది ఆరుతుంది. ఆదివారం పొద్దున్నే మేస్త్రీ మహిపాల్ వచ్చి, రాయి నీళ్లు పీల్చకుండా పైన సీలర్ పూస్తాడు. మధ్యాహ్నానికి భార్య అమ్మాజీ చంపాపేటలోని చెల్లెలింటి నుంచి ఆవకాయ జాడీలతో వస్తుంది, మేడెక్కుతుంది, చూస్తుంది, మురిసిపోతుంది. ఈ చివరి సంగతి దగ్గరే ఆయన గుండె కాస్త తడబడుతోంది. ఎందుకంటే అమ్మాజీ నల్ల రాయి వేయించమంది. ఆయన తెల్ల రాయి వేయించాడు.

మన్సూరాబాద్‌లోని ఆ ఇంట్లో వంటిల్లు ఇరుకు. ఉన్న ఒక్క కిటికీ పక్కింటి గోడకేసి చూస్తూ ఉంటుంది. చేపలు వేయించిన రోజున పొగ బయటికి పోయే దారి లేక అమ్మాజీ కళ్లలోకే పోతుంది. పెళ్లయినప్పటి నుంచీ ఏదీ నోరు తెరిచి అడగని మనిషి, ఈ వేసవిలో అడిగింది. "మేడ మీద గాలికి నిలబడి వండుకునేలా ఒక గట్టు కట్టించండి. పైన నల్ల గ్రానైటు వేయించండి, చాలు." అడిగినవి రెండు. మొదటిది బాపిరాజు చెప్పినట్టే చేశాడు. రెండో దాని దగ్గర సొంత తెలివి ఉపయోగించాడు.

తప్పంతా ఆయనది కూడా కాదు. ఎల్బీనగర్ దాటాక రోడ్డు పక్కన గ్రానైటు దుకాణంలో, ఎండలో నిలబెట్టిన నల్ల పలక మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. పక్కనే బూడిదరంగు చుక్కల తెల్ల పలక ఉంది. దాని మీద చెయ్యి హాయిగా నిలిచింది. మేడ మీద ఇంకా రేకులైనా వేయలేదు, మిట్టమధ్యాహ్నం అమ్మాజీ చేతులు కాలవా అనుకున్నాడు. భార్య చేతుల గురించి ఆలోచించినందుకు తనమీద తనకే ముచ్చటేసింది. "తెల్లదానికి జర మెయింటెనెన్సు ఉంటది సార్" అని దుకాణదారు నెమ్మదిగా అన్న మాట ఆ ముచ్చటలో వినపడలేదు.

మహిపాల్ మాత్రం పరిచేసి వెళ్తూ వినపడేలాగే చెప్పాడు. "సార్, గీ రాయి నీళ్లు తాగుతది. సీలర్ కొట్టేదాంక దీని మీద ఏం పడనియ్యకుండ్రి. నూనె అస్సలొద్దు."

"నేనుండగా ఏం పడుతుందయ్యా" అన్నాడు బాపిరాజు.

ఆ గురువారం రాత్రే అమ్మాజీ ఫోన్ చేసింది. "రాయి వేశారా?"

"వేశారు."

"నల్లదేగా?"

"వచ్చి చూస్తావుగా" అన్నాడు. అది అబద్ధం కాదు. నిజమూ కాదు. కాపురంలో పడీ పడీ నేర్చుకున్న భాష.

శుక్రవారం దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఫీజుల సెక్షన్ పని ముగించుకుని, ఎల్బీనగర్‌లో మెట్రో దిగి, షేర్ ఆటోలో ఇల్లు చేరి, చెప్పులైనా విప్పకుండా మేడెక్కాడు. గట్టు ముందు సైదమ్మ నిలబడి ఉంది. ఆవిడ, భర్త గోపయ్య కింది వాటాలో అద్దెకుంటారు. నల్లగొండ వైపు వాళ్లు. గోపయ్యకు ట్రాలీ ఆటో ఉంది. సైదమ్మ చేతిలో గిన్నె ఉంది. తెల్ల గట్టు ఈ చివర నుంచి ఆ చివరి దాకా పచ్చగా మెరుస్తోంది. మధ్యమధ్య వరసగా కుంకుమ బొట్లు.

"మంచిగున్నదా సారూ?" అంది సైదమ్మ. "కొత్త పొయ్యి గట్టుకు పసుపు కుంకుమ పెట్టకుండ ఇడుస్తరా? గాలికి రాలకుంట పసుపుల జర నూనె కూడ కలిపిన."

నూనె అన్న మాట దగ్గర బాపిరాజుకు మహిపాల్ హెచ్చరిక గుర్తొచ్చింది. కానీ శుక్రవారం పూట ఇంటికి పసుపు పూసిన ముత్తైదువను ఏమనగలడు?

"చాలా బాగుందమ్మా" అన్నాడు.

ఆవిడ సంతోషంగా గట్టుకు ఫోటో తీసుకుని కిందికి వెళ్లింది. ఆవిడ అటు వెళ్లగానే బాపిరాజు తడిగుడ్డ అందుకున్నాడు. పైపైన ఉన్న పసుపు గుడ్డకు వచ్చింది, అడుగున ఉన్నది రాయిలోకి దిగింది. పైన ఉన్న పచ్చదనం పక్క అంచులకు కూడా పాకింది. ఎదురింటి మేడ మీద బట్టలు తీస్తున్న వాళ్లు ఇటే చూస్తున్నారనిపించి, పాత ప్లాస్టిక్ పట్టా తెచ్చి గట్టు మీద కప్పాడు. పట్టా ఓ మూల అందలేదు. అందినంత వరకూ లాగి, ఇటుకలు పెట్టి, ఆ రాత్రి అన్నం సరిగ్గా తినకుండానే పడుకున్నాడు.

శనివారం ఆఫీసులో కెమిస్ట్రీ లెక్చరర్ శ్రీరామమూర్తిని పట్టుకున్నాడు. ఆయన పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు.

"రాయి మీద మరక పోవాలంటే ఏం చెయ్యాలండీ?"

"ఏం మరక?"

ముత్తైదువ పూసిన పసుపును మరక అనడానికి బాపిరాజుకు మనసొప్పలేదు. పైగా ఈయనకు చెబితే సాయంత్రానికి స్టాఫ్ రూమంతా నవ్వుతుంది. "మామూలు మరకేనండి" అన్నాడు.

"అయితే మామూలుగా యాసిడ్‌తో పోతుంది" అన్నాడు శ్రీరామమూర్తి, పేపర్ల నుంచి తలెత్తకుండానే.

ఇంట్లో యాసిడ్ అంటే బాత్‌రూమ్ కడిగేదే. సాయంత్రం దాన్ని గట్టు మధ్యలో కొంచెం పోసి ఇనుప పీచుతో రుద్దాడు. పసుపు పోలేదు. అరచేయంత మేర మెరుపు పోయింది. వేలితో తడిమి చూస్తే గరుకుగా తగిలింది. బాపిరాజుకు నిజంగానే ఏడుపొచ్చింది. జీవితంలో ఒకే ఒక్క కోరిక కోరిన మనిషికి, అడగని రంగు రాయి వేయించి, దానికి పసుపు పట్టించి, ఆ పైన తోలు కూడా వలిచాడు. మళ్లీ పట్టా కప్పేసి అమ్మాజీకి ఫోన్ చేశాడు.

"రేపు రావద్దు. సోమవారం రా."

"ఏం?"

"నాకు జ్వరంగా ఉంది. నీకూ అంటుకుంటుంది."

"జ్వరమా? ఎంతుంది?"

అంకె సిద్ధం చేసుకోలేదు. "థర్మామీటరు కనబడట్లేదు" అన్నాడు.

"సరే, పడుకోండి" అంది అమ్మాజీ. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదనిపించింది ఆయనకు.

ఆదివారం పొద్దెక్కగానే శ్రీరామమూర్తికి ఫోన్ చేశాడు. "యాసిడ్‌తో పోలేదండీ."

"యాసిడ్‌తో పోకపోతే బేస్ వాడి చూడండి. వాషింగ్ సోడా చల్లి, నీళ్లు పోసి రుద్దండి."

ఎవరూ రాకుండా మేడ తలుపుకు తన వైపు నుంచి గడియ పెట్టి, పట్టా తీసి, దోసిళ్లతో సోడా చల్లి, బకెట్టెడు నీళ్లు కుమ్మరించాడు. ఆయన కళ్ల ముందే పచ్చటి గట్టు ఎర్రబడింది. పెళ్లికూతురి పాదాలకు పారాణి పెట్టినట్టు ఎర్రగా, నిగనిగలాడుతూ. కుంకుమ కూడా కరిగి అందులో కలిసింది. కంగారుగా ఇంకా సోడా చల్లాడు. ఇంకా ఎర్రబడింది. మోచేతుల దాకా ఎరుపెక్కిన చేతులతోనే ఫోన్ నొక్కాడు.

"పసుపా?" అన్నాడు శ్రీరామమూర్తి. "ఆ ముక్క నిన్ననే చెప్పొద్దండీ? పసుపూ సోడా కలిస్తే ఎరుపు కాక ఇంకేమవుతుంది? చిన్న క్లాసు పిల్లలకు చెప్పే పాఠం కదండీ అది."

బాపిరాజు ఫోన్ పెట్టేసి, కనీసం ఆ ఎరుపైనా వదిలించాలని బకెట్టు మీద బకెట్టు కుమ్మరించాడు. ఆ నీళ్లన్నీ వాన నీటి గొట్టంలోంచి కింద వీధిలోకి, సరిగ్గా గోపయ్య తన ట్రాలీ కడుక్కుంటున్న చోటికి దూకుతున్నాయన్న ఆలోచన ఆయనకు రాలేదు.

గోపయ్య తన కాళ్ల మధ్య నుంచి పారుతున్న ఎర్ర నీళ్లను చూశాడు. తలెత్తి గొట్టాన్ని చూశాడు. "సారూ, మీద ఏందది?" అని కేకేశాడు.

"ఏం లేదు" అంది పై నుంచి ఒక వణుకుతున్న గొంతు. మనిషి మాత్రం పిట్టగోడ దగ్గరికి రాలేదు. ఎర్రటి చేతులతో ఎలా వస్తాడు?

గోపయ్య మెట్లెక్కి తలుపు బాదాడు. తియ్యలేదు. సైదమ్మ వచ్చింది. ఎదురింటి వాళ్లొచ్చారు. సీలర్ డబ్బాతో వచ్చిన మహిపాల్ మెట్ల మీదే ఆగిపోయాడు. రెండు రోజులుగా సారు అన్నం తినట్లేదనీ, మొహం పీక్కుపోయిందనీ, ఎవరితోనూ మాట్లాడట్లేదనీ సైదమ్మకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. వెంటనే ఫోన్ తీసింది.

"అమ్మా, ఎంబడే రా. సారు మీద తలుపేసుకున్నడు. పిలిస్తే పలుకుతలేడు. గొట్టంల కెంచి ఎర్ర నీళ్లొస్తున్నయ్."

తలుపవతల బాపిరాజు ఇదంతా వింటూనే ఉన్నాడు. తీద్దామని గడియ మీద చెయ్యి వేశాడు. ఇంతమంది ముందు ఆ గట్టు బయటపడుతుందని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అమ్మాజీ వస్తోందని వినగానే మిగిలిన నీళ్లూ కుమ్మరించాడు. వీధిలో ఇంకాస్త ఎరుపు పారింది. జనం ఇంకాస్త పెరిగారు.

సైదమ్మ ఫోన్ చేసేటప్పటికే జాడీలతో బయల్దేరి ఉన్న అమ్మాజీ ఆటో దిగేసరికి గేటు ముందు ఎర్రటి మడుగు కట్టి ఉంది. దాన్ని చూసిందో లేదో, జాడీలు ఆటోలోనే వదిలేసి, చెప్పులు జారిపోతున్నా మెట్లెక్కింది. "ఏవండీ, నేను. తలుపు తియ్యండి" అంది. ఆ గొంతు విన్నాక బాపిరాజు ఇక ఆగలేకపోయాడు. గడియ తీశాడు. మోచేతుల దాకా ఎర్రటి చేతులతో, తడిసిన లుంగీతో గుమ్మంలో నిలబడ్డ ఆయన్ను చూసి మెట్ల మీద అందరూ ఒక్కో మెట్టు వెనక్కి దిగారు.

అమ్మాజీ ఆ రెండు చేతులూ పట్టుకుంది. తిప్పి చూసింది. వాసన చూసింది. అక్కడే గడప మీద కూలబడిపోయింది.

"పసుపు" అంది, కాసేపటికి. కళ్లు తుడుచుకుని అందరికీ వినపడేలా, "ఏం కాలేదు, వెళ్లండమ్మా" అంది. జనం కొంచెం నిరాశగానే దిగిపోయారు.

"నీకు నచ్చినట్టు చేద్దామనే అనుకున్నాను" అన్నాడు బాపిరాజు. "నల్లది కాలుతుందని తెల్లది తెచ్చాను. సీలర్ కొట్టకముందే సైదమ్మ పసుపు పూసింది. నువ్వు చూస్తే బాధపడతావని..."

"పూయమని నేనే చెప్పాను."

బాపిరాజుకు అర్థం కాలేదు.

"గురువారం రాత్రి మీతో మాట్లాడాక సైదమ్మకు ఫోన్ చేశాను. కొత్త గట్టుకు పసుపు పెట్టాలన్న ధ్యాస మీకెలాగూ ఉండదు, నువ్వే పెట్టు, రాయి ఏ రంగో ఫోటో పంపు అన్నాను. శుక్రవారం సాయంత్రమే చూశాను తెల్లదని. మీరే చెబుతారని ఎదురు చూస్తున్నాను. మీరు జ్వరం తెచ్చుకున్నారు."

ఆవిడ లేచి గట్టు దగ్గరికి నడిచింది. బాపిరాజు దోషిలా వెనకే వెళ్లాడు. గట్టంతా ఎరుపు, పసుపు, మధ్యలో మెరుపు పోయిన గరుకు మచ్చ. ఓ మూల మాత్రం దుకాణంలో ఉన్నంత తెల్లగా ఉంది.

"ఇక్కడేం రుద్దారు?"

"అక్కడేమీ రుద్దలేదు. పట్టా అందలేదంతే."

అమ్మాజీ ఆయన వంక చూసింది. "ఎండలో పడేస్తే పసుపు మరక దానంతటదే పోతుందండీ. పండక్కి పసుపంటిన చీరలు ఎన్నోసార్లు ఈ మేడ మీదే ఆరేశాను. మీరు పట్టా కప్పి దాచిపెట్టారు కాబట్టి ఉండిపోయింది."

సీలర్ డబ్బా పట్టుకుని వాళ్ల వెనకే పైకొచ్చిన మహిపాల్ నవ్వాపుకోవడానికి అటు తిరిగాడు. బాపిరాజు తల వంచుకుని నిలబడ్డాడు. ఏమీ చెయ్యకుండా కూర్చుని ఉంటే సరిపోయేది. ఆయనకు అదొక్కటే చేతకాలేదు.

"తీయించేస్తాను. నల్లదే వేయిస్తాను" అన్నాడు.

"వద్దు." అమ్మాజీ ఆ తెల్లటి మూల మీద చెయ్యి వేసి కొంతసేపు ఉంచింది. పదకొండు గంటల ఎండ. చెయ్యి కాలలేదు. "నా చేతుల కోసం తెచ్చారన్నారుగా. ఉండనివ్వండి. ఆ మచ్చ మీద ఉప్పు జాడీ పెట్టుకుంటాను."

"మరి నల్లదే కావాలని అంతగా ఎందుకన్నావు?"

"నల్ల రాయి మీద మరకలు కనబడవు. మీరు జన్మలో గట్టు తుడిచే రకం కాదు కదా అని." ఆవిడ నీళ్లోడుతున్న మేడను, మూలనున్న ఇనుప పీచును, ఆయన ఎర్రటి చేతులను వరసగా చూసింది. "ఇప్పుడు చూస్తే బాగానే తుడుస్తున్నారు."

కోచింగ్ సెంటర్లో బాపిరాజు ఉద్యోగం పర్మనెంట్ కావడానికి ఏళ్లు పట్టింది. గట్టు తుడిచే ఈ ఉద్యోగం మాత్రం ఆ పూటే అయిపోయింది.