పది శనక్కాయల నమ్మకం

దేశంలోనే మొట్టమొదటిసారిగా ప్రజల నమ్మకాన్ని శాస్త్రీయంగా కొలవబోతున్నామని ప్రాజెక్టు డైరెక్టర్ హేమంత్ గారు నల్లమాడలో మైకు పట్టుకుని ప్రకటించారు. ఆ కొలిచే చెయ్యి నాది. ఎమ్మే ఎకనమిక్స్ చదివి, పదకొండు నెలల కాంట్రాక్టు మీద ఊళ్లు తిరిగే సర్వేవాణ్ని.

పద్ధతి సులువు. రైతు ముందు రెండు గిన్నెలు, చేతిలో పది శనక్కాయలు పెడతాం. సబ్సిడీ శనక్కాయ విత్తనం జూన్ అయిపోయేలోపు వస్తుందని ఎంత నమ్మితే అన్ని కాయలు మొదటి గిన్నెలో, మిగతావి రెండో దాంట్లో వెయ్యాలి. పచ్చి కాయలైతే జనం పట్టుకుపోయి విత్తుకుంటారని, అన్నీ వేయించేద్దామని సలహా ఇచ్చింది నేనే. "బ్రిలియంట్" అన్నారు సారు. ఆ మాట ఇంట్లో వారం రోజులు చెప్పుకున్నాను.

మూడెకరాల మెట్ట ఉన్న ఓబమ్మ పది కాయలూ "రాదు" గిన్నెలో పోసేసింది.

"అంత ఎక్స్‌ట్రీమ్‌గా ఉండకూడదమ్మా. ఒకటో రెండో ఇటు వెయ్యి," అన్నారు సారు.

"పోయినేడు రాల్యా, ముందటేడు రాల్యా. ఏం జూసి ఎయ్యల్ల సామీ?"

బహుమతి లేకపోతే జనం మొహమాటానికి అబద్ధం చెబుతారని థియరీ. అందుకని సారు, "నీ నమ్మకం నిజమైతే ఒక మూట విత్తనం నీకే," అన్నారు.

"ఇత్తనం రాకుంటేనే కదా నేను గెలిచేది. అప్పుడు మూట యాడ్నించి తెస్తారు?"

సారు నావైపు చూశారు. నేను ఫారంలో "రైతుకు ప్రశ్న అర్థం కాలేదు" అని రాశాను. కాస్త సిగ్గేసింది, కానీ రాశాను.

జూన్ అయిపోయింది. విత్తనం రాలేదు. రెండు రోజులు మంచి వాన పడి నేల పదునెక్కింది. ఆ తేమ ఆరేలోపు విత్తకపోతే ఓబమ్మకు ఈ ఏడు పంట లేనట్టే.

మా సారు మాట తప్పే మనిషి కాదు. ఫోటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకుని వెళ్లి మూట అందించారు. సర్వేలో వాడగా ఆఫీసులో మిగిలిన కాయలవి. ఓబమ్మ ఒకటి ఒలిచి వాసన చూసింది.

"ఇవి ఏంచినట్లుండాయే. మొలుస్తాయాప్పా?" అని నన్ను అడిగింది.

"క్వాలిటీ సీడ్," అన్నారు సారు.

ఆమె ఆయన వైపు చూడలేదు. ఇంట్లోంచి రెండు గిన్నెలు తెచ్చి నా ముందు పెట్టింది. మూటలోంచి పది కాయలు తీసి నా చేతిలో పోసింది.

"సదువుకున్నోనివి. మొలుస్తాయంటే ఈ గిన్నెలో ఎయ్యి, మొలవవంటే ఆ గిన్నెలో ఎయ్యప్పా. నువ్వేసినదాన్ని బట్టే ఇత్తుకుంటా."

నేను సారు వైపు చూశాను. నా కాంట్రాక్టు ఆ నెలాఖరుకే రెన్యువల్‌కు వస్తోంది.

ఈ గిన్నెలో ఐదు, ఆ గిన్నెలో ఐదు వేశాను.