మంత్రిగారి వెనక ఆరు నిమిషాలు

గుండెపోటు కూడా ప్రజాసేవలో భాగమేనని రవాణా మంత్రిగారు ప్రకటించారు. స్టెంటు వేయించుకున్న మూడో వారం పెద్దాసుపత్రి మెట్ల మీద, తొమ్మిది మైకుల ముందు నిలబడి, "నేను ఒంటరిగా కోలుకోను. సామాన్యుల మధ్య, సామాన్యుడిలా, ఈ ఆసుపత్రి కార్డియాక్ రిహాబ్‌లోనే కోలుకుంటాను" అన్నారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ సామాన్యుల్లో నేనొకణ్ణని అప్పటికి నాకు తట్టలేదు.

నేను బస్సు డ్రైవర్ని. ఇరవై రెండేళ్ళ సర్వీసు. నాకూ ఒక స్టెంటు ఉంది, కాకపోతే దానికెవరూ మైకు పెట్టలేదు. వారానికి మూడు రోజులు రిహాబ్‌కి వెళ్ళి కదలని సైకిలు తొక్కుతాను, చేతులు ఊపుతాను, ఉప్పు ఎందుకు తినకూడదో శ్రద్ధగా వింటాను. రెండు వారాలకోసారి ఆరు నిమిషాల నడక పరీక్ష. ముప్పై మీటర్ల వరండా, ఆ చివరొకటి ఈ చివరొకటి ఎర్ర ప్లాస్టిక్ కోన్లు. వాటి మధ్య ఆరు నిమిషాల్లో ఎంత దూరం తిరిగితే గుండె అంత బాగున్నట్టు. పన్నెండో వారం నాలుగు వందల మీటర్లు దాటితే సర్టిఫికెట్టు ఇస్తారు. ఆ తర్వాతి సోమవారం పది గంటల్లోగా ఆ కాగితం నేనే స్వయంగా తన బల్ల మీద పెడితే స్టీరింగు, లేదంటే ఇల్లు అని మా డిపో మేనేజరు తేల్చేశాడు.

నాకు స్టీరింగు కావాలి. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుంది. ఎనిమిదో వారం నాలుగు వందల ఇరవై నడిచాను. మా ఆవిడ అప్పుడే నా ఖాకీ చొక్కా ఇస్త్రీ చేయించి పెట్టేసింది.

తొమ్మిదో వారం మంత్రిగారు వచ్చారు. ఆయనతో ప్రోటోకాల్ ఆఫీసరు వచ్చాడు. ఎరుపు ప్రతిపక్షం రంగని కోన్లు మార్పించాడు. తర్వాత మా ఐదుగురు పేషెంట్లనీ వరసగా నిలబెట్టాడు.

"ఒక్కటే రూలు. మంత్రిగారి కన్నా ముందు ఎవరూ ఉండకూడదు."

"ఇది నడక పరీక్ష సార్. ఎవరి వేగం వాళ్ళది," అంది మాతో కసరత్తు చేయించే ఫిజియో అమ్మాయి.

"ఎవరి వేగం వాళ్ళదేనమ్మా. మంత్రిగారి వెనక."

మంత్రిగారిది గంభీరమైన నడక. నాలుగడుగులు వేస్తారు, నర్సులకి దండం పెడతారు. మరో నాలుగు వేస్తారు, స్ట్రెచర్ మీద వెళ్ళేవాణ్ణి ఆపి యోగక్షేమాలు అడుగుతారు. వెనక మేమందరం ఆగుతాం. కాన్వాయ్ కోసం పక్కన ఆగడం నాకు ఇరవై రెండేళ్ళుగా అలవాటే. ఈసారి కింద బస్సు లేదు, అంతే తేడా. పదో వారం పరీక్షలో మంత్రిగారు రెండు వందల మీటర్లు నడిచారు. నేను నూట తొంభై తొమ్మిది.

ఆగాక గోడకి తగిలించిన చార్టు చూపిస్తూ ఫిజియో అమ్మాయి అడిగింది.

"సార్, సున్నా నుంచి పది దాకా మీకు ఆయాసం ఎంత?"

మంత్రిగారు గోడ పట్టుకుని ఆఫీసరు వైపు చూశారు.

"సున్నా అని రాసుకో," అన్నాడు ఆఫీసరు.

"చెమటలు పడుతున్నాయి కదండీ."

"అది ప్రజల కోసం పట్టిన చెమట. నీ ఫారంలో ఆ గడి లేదు."

మంత్రిగారి నిగ్రహానికి నేను ముగ్ధుణ్ణయ్యాను. మా ఆవిడ మాత్రం నా కాగితం చూసి ముగ్ధురాలు కాలేదు.

"నాలుగు వందల ఇరవై నుంచి నూట తొంభై తొమ్మిదా? గుండె బాగోలేదా ఏంటండీ?"

"గుండె బాగానే ఉంది. ముందు మంత్రిగారున్నారు."

"రోడ్డు మీద ముందు ట్రాక్టరుంటే ఏం చేస్తారు?"

"హారన్ కొడతాను."

"కొట్టండి మరి."

పన్నెండో వారం, శుక్రవారం, ఆఖరి పరీక్ష. గడియారం మొదలైన అరనిమిషానికే మంత్రిగారు టీవీవాళ్ళతో మాట్లాడటానికి ఆగారు. నేను గొంతు సవరించుకున్నాను. అదే నా హారను. ఆయన జరగలేదు. కుడిపక్క ఖాళీ కనిపించింది. దాటేశాను. ఆ తర్వాత వెనక్కి చూడలేదు.

ఆరు నిమిషాలకి నావి నాలుగు వందల ముప్పై మీటర్లు. మంత్రిగారివి నూట ఎనభై.

ఆఫీసరు ఫారం లాక్కున్నాడు. "మొదటి వరస ఎవరిది?"

"మంత్రిగారిది," అంది ఫిజియో అమ్మాయి.

"మొదట వచ్చిన అంకె ఎంత?"

"నాలుగు వందల ముప్పై. కానీ అది ఈ బాబాయ్‌గారు నడిచింది సార్."

"అంటే ఈయన మంత్రిగారిని దాటాడా?" అని నావైపు తిరిగాడు. "దాటావా?"

దాటానంటే కేసు. దాటలేదంటే నూట ఎనభై. నేను నోరు మెదపలేదు. మౌనం అర్ధాంగీకారమని ఆఫీసరు పెన్ను తీశాడు. నాలుగు వందల ముప్పై మొదటి వరస ఎక్కింది. మిగిలిన నూట ఎనభై నాకు వచ్చింది.

మర్నాడు పేపర్లన్నిటిలో 'ఉక్కు గుండె' అని మంత్రిగారి ఫోటో. అదే పొద్దున పెద్ద డాక్టరుగారు నా కాగితం చూసి కంగారుపడ్డారు.

"నాలుగు వారాల్లో సగానికి పైగా పడిపోయింది. ఇవాళే అడ్మిట్ అవ్వాలి."

"నాకు బాగానే ఉంది డాక్టరుగారూ."

"అలా అనిపించడమే ప్రమాదం."

నన్ను పడుకోబెట్టి వైర్లు తగిలించారు. పక్క మంచం ఖాళీగా ఉంది.

మంత్రిగారి గొప్పతనం ఏమిటంటే, ఆయన పేపరు చదువుతారు, చదివింది నమ్ముతారు. ఆదివారం పొద్దున 'గుండె కోసం పరుగు' అని పెట్టించారు. జెండా ఊపి ఊరుకోలేదు, స్వయంగా పరిగెత్తారు. వెనక రెండు వేల మంది. రూలు ప్రకారం ఒక్కరూ ఆయన్ని దాటలేదట. మధ్యాహ్నానికి పక్క మంచం నిండింది. ప్రాణానికి ఫరవాలేదన్నారు. ఆయాసం ఎంతని ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం ఫిజియో అమ్మాయి పోరు పడలేక పెద్ద డాక్టరుగారు నన్ను వరండాలో తనే నడిపించి చూశారు. నాలుగు వందల ఇరవై ఐదు. ఆయన అక్కడికక్కడే సర్టిఫికెట్టు రాసి సంతకం పెట్టారు. "రేపు పొద్దున ఎనిమిదింటికి వెళ్ళిపోవచ్చు. కాగితం మీరే తీసుకెళ్ళి ఇచ్చుకోండి," అన్నారు. మా ఆవిడ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సిగ్గేముంది.

సోమవారం ఎనిమిదింటికి ఖాకీ చొక్కా తొడుక్కున్నాను. సర్టిఫికెట్టు జేబులో పెట్టుకున్నాను. మా ఆవిడ సంచీ భుజాన వేసుకుంది. తలుపు దగ్గర ఆఫీసరు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఎక్కడికి?"

"డిశ్చార్జి అయ్యాను సార్. పదింటికి డిపోలో ఉండాలి."

ఆయన పక్క మంచం వైపు చూపించాడు. "మంత్రిగారి కన్నా ముందా?"

మంత్రిగారు కళ్ళు మూసుకుని ఉన్నారు. ఎన్నాళ్ళు పడుతుందని నర్సుని అడిగాను. కనీసం మూడు వారాలంది. మా ఆవిడ సంచీ కింద పెట్టి, నా చొక్కా విప్పించి, మడత నలగకుండా మేకుకి తగిలించింది.

మంత్రిగారు త్వరగా కోలుకోవాలని నా అంత మనస్ఫూర్తిగా కోరుకునేవాడు ఈ లోకంలో ఇంకొకడు లేడని పత్రికాముఖంగా మనవి చేసుకుంటున్నాను. ఇప్పుడు తొమ్మిది నలభై అయింది.